లంఖణం పెట్టిన నేల

ఆనందపురం కూడలి దగ్గర తెల్లవారకముందే పూల బేరాలు మొదలవుతాయి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బంతి, చామంతి, కనకాంబరం గంపలు దిగి, ఎండ ముదిరేలోగా విశాఖ బజార్లకు చేరిపోతాయి. ఈ పూలు పెరిగే ఎర్రనేలలు ఒకప్పుడు చోడి, గంటె, నువ్వు, గోగు పండిన గరువులు. తరవాత కూరగాయలకూ పూలకూ మళ్ళాయి. ఇప్పుడు వాటిలో చాలా వాటి మీద లేఅవుట్ రాళ్ళు కనిపిస్తాయి. నాగలి రాదు, ఇల్లూ లేవదు. ఏళ్ళ తరబడి నేల ఊరికే పడి ఉంటుంది.

ఊరికే పడి ఉన్న నేల తనంతట తానే అడవి అవుతుందని మనలో చాలామందికి నమ్మకం. 2002లో అభయారణ్యమైన కంబాలకొండ అక్కడికి దగ్గరే కదా, అక్కడి అల్లి, బలుసు, పాల, కలివి పళ్ళు తిన్న పిట్టలు గింజల్ని తెచ్చి పడేస్తాయి కదా అనుకుంటాం. పిట్టలు తమ పని చేస్తూనే ఉంటాయి. కానీ నాలుగు వానలు పడేసరికి అక్కడ ముందుగా లేచేది వయ్యారిభామ. దాని పక్కన లంటానా, సర్కారు తుమ్మ. అల్లి మొక్క ఆ గుబురు కింద ఎక్కడో మొలిచి, వెలుగు అందక, వేసవి దాటకుండానే పోతుంది. అదే పక్కనున్న కొండవాలులో, రాళ్ళ సందున పిడికెడు మట్టి కూడా లేనిచోట, తంగేడు, బందారు, రేగు నిక్షేపంగా ఉంటాయి. బలమున్న చోట కలుపు, బలం లేని చోట మన మొక్క. ఈ తిరకాసుకు మూలం పొలానికి మనం పెట్టిన తిండిలో ఉంది.

డీఏపీ బస్తా మీద 18-46-0 అని అచ్చువేసి ఉంటుంది. నూటికి 18 పాళ్ళు నత్రజని, ఆక్సైడు లెక్కన 46 పాళ్ళు భాస్వరం. నత్రజనికి నిలకడ తక్కువ. కొంత వాననీటితో కిందికి దిగిపోతుంది, కొంత గాలిలో కలుస్తుంది. భాస్వరం మాత్రం కదలదు. ఎర్రనేలల్లోని ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టి బిగించుకుంటాయి. పైరు తీసుకున్నది పోగా మిగిలింది పై అరడుగులోనే తరాల పాటు ఉండిపోతుంది. ఎంతకాలం ఉంటుందో తెలియాలంటే ఫ్రాన్స్ ఈశాన్యాన ఉన్న తుయ్యీ అడవిని చూడాలి. అక్కడ రోమన్ల కాలంలో సాగైన పొలాలు క్రీస్తు శకం మూడో శతాబ్దం నాటికే వదిలేసినవి. ఆ తరవాత అంతా అడవే. అయినా ద్యుపువే అనే శాస్త్రవేత్త బృందం 2002లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పాత పల్లెల దిబ్బలకు దగ్గరయ్యే కొద్దీ మట్టిలో భాస్వరం పెరుగుతూ వచ్చింది, నత్రజని కోరే మొక్కలూ పెరుగుతూ వచ్చాయి. రోమన్ రైతు వేసిన పెంట ఆ అడవిలో ఏ మొక్క ఎక్కడ మొలవాలో ఇంకా చెబుతూనే ఉందన్నమాట.

తిండి ఎక్కువైతే ఏమవుతుందో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో మరీ స్పష్టంగా చూడవచ్చు. లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు 1856లో ఒక గడ్డిమైదానాన్ని మడులుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో రకం ఎరువు వేయడం మొదలుపెట్టారు. ఆ ప్రయోగం ఇవాళ్టికీ నడుస్తోంది. ఏ ఎరువూ పడని మడుల్లో నలభై దాకా మొక్కల జాతులున్నాయి. అమ్మోనియం సల్ఫేటు దండిగా పడి నేల ఆమ్లమైపోయిన మడుల్లో రెండో మూడో మిగిలాయి. ఎక్కువ తిండి దొరికినచోట తిండిపోతు మొక్క అందరికంటే ముందు లేచి, మిగతావాటి వెలుతురు కాజేస్తుంది. తక్కువలో బతకడం నేర్చిన మొక్కలకు ఆ పరుగుపందెంలో చోటుండదు.

కాబట్టి పొలాన్ని అడవిగా మార్చే మనిషికి కావలసిన పనితనం రైతు పనితనానికి ఎదురు దిశలో నడుస్తుంది. రైతు తాతల నాటి నుంచి నేలకు పెట్టడం నేర్చుకున్నాడు. ఇతను పెట్టకపోవడం, అవసరమైతే తీసేయడం నేర్చుకోవాలి. మన పెద్దలు జ్వరానికి చెప్పిన ‘లంఖణం పరమౌషధం’ ఇక్కడ మట్టికి వర్తిస్తుంది. అయితే అరిగిపోయిన ఒంటికి లంఖణం పెడితే ప్రాణం పోతుంది. ఏ నేలకు ఏది అవసరమో చూసి చెప్పగలగడంలోనే పనితనం తెలుస్తుంది.

ఆ పనితనం ఉన్నవాళ్ళను చూడాలంటే విశాఖ విడిచి అనంతపురం సీమకు పోవాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే బాగా పడిందనుకునే నేల అది. 1990లో సి.కె. గంగూలీ (అక్కడ అందరికీ బబ్లూ), మేరీ వట్టమట్టం, వారి మిత్రులు చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొన్నారు. టింబక్టు అని పేరు పెట్టుకున్నారు. జపాను రైతు మసనోబు ఫుకువోకా ‘ఏమీ చేయని సేద్యం’ అప్పటికే వాళ్ళను పట్టుకుంది. ఏమీ చేయకపోవడం ఎంత పనో ఆ 32 ఎకరాలు వాళ్ళకు నేర్పి ఉండాలి. 1990ల మొదట్లో ముష్టికోవెల గ్రామస్తులతో కలిసి చుట్టుపక్కల కొండల మీద అదే పని మొదలుపెట్టారు. రొద్దం, రామగిరి, చెన్నేకొత్తపల్లి మండలాల్లోని ఊళ్ళు ఒక్కొక్కటీ కలిసి, ఏడు వేల ఎకరాలకు పైబడిన ఆ కొండలకు కల్పవల్లి అనే పేరు వచ్చింది. రెవెన్యూ రికార్డుల్లో మాత్రం అది బంజరు.

కల్పవల్లి పొలం కాదు, వాడి వాడి అరిగిపోయిన ఊరుమ్మడి కొండ. ఆనందపురం గరువుకు ఇది సరిగ్గా రెండో కొస. అందుకే ముందు దీన్ని చూడటం మంచిది.

అక్కడి పనిలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది వేసవి కాపలా. మాఘం దాటితే కొండగడ్డి ఎండి బంగారు రంగుకు తిరుగుతుంది. ఒక బీడీ ముక్క చాలు. మంట వచ్చాక ఆర్పడం కంటే రాకముందు ఫైర్ లైన్లు కొట్టుకోవడం తేలిక కాబట్టి, గడ్డి ఎండే వేళకే కొండ మీద అడ్డంగా వెడల్పాటి చారలు చెక్కి శుభ్రం చేస్తారు. కాపలా మనుషులు పొగ కోసం చూస్తూ తిరుగుతారు. చూడటానికి ఇది అగ్నిమాపక పనిలా ఉంటుంది గానీ నిజానికి ఇది ఎరువుల పని. గడ్డి కాలితే అందులోని నత్రజని దాదాపు అంతా పొగతో పోతుంది. భాస్వరం, పొటాషు బూడిదలో మిగులుతాయి. కానీ ఆ బూడిద వేసవి గాలికి కొంత ఎగురుతుంది, తొలకరి ఉరుముల వానకు మిగతాది కొట్టుకుపోతుంది. కప్పుకోవడానికి గడ్డి లేని కొండ మీద తొలి జల్లు ఎంత మట్టిని లాగుతుందో సీమ వాగుల రంగు చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. అదే గడ్డి కాలకుండా నిలబడి, వానకు నలిగి, చెదలు తిని కుళ్ళితే ప్రతి ఏడూ కొంచెం కొంచెం మట్టికి జమ అవుతుంది. ఒక్క బస్తా మోయకుండా ఆ కొండలకు వాళ్ళు ఎరువు వేస్తున్నారు.

నీటి పని కూడా అంతే. వాలుకు అడ్డంగా రాతికట్టలు, కందకాలు, వంకల్లో చిన్న చిన్న అడ్డుకట్టలు వేశారు. ఎవరైనా చూస్తే నీళ్ళు ఇంకించే ఏర్పాటు అంటారు. నీటితోపాటు అక్కడ ఆగేది ఒండ్రు. మట్టిలో ముతక ఇసుక దగ్గర పోషకం దాదాపు ఏమీ ఉండదు. ఉన్నదంతా సన్నటి బంకమట్టినీ, కుళ్ళిన ఆకునూ పట్టుకుని ఉంటుంది. కొండ వాలులో మొదట కొట్టుకుపోయేదీ ఆ సన్నదే. రాతికట్ట వెనుక అది బెత్తెడు మందాన ఆగినచోటు ఆ కొండ మొత్తంలో బలమైన జాగా అవుతుంది. గింజ పడితే అక్కడే నిలుస్తుంది. కొండంతా సమానంగా సారవంతం చెయ్యాలని వాళ్ళు చూడలేదు. అక్కడక్కడ మూలలు బలపడితే చాలనుకున్నారు. మిగతా కొండ పేదగా ఉండటం వల్లే అక్కడి గడ్డిలో, పొదల్లో అన్ని రకాలు మిగిలాయి. ప్లాంటేషన్ వాళ్ళలా గజానికో గుంత తవ్వి, గంపెడు పెంట పోసి, ఒకే జాతి మొక్క నాటి ఉంటే ఈ పాటికి అక్కడ ఒక తోట ఉండేది.

మొక్క విషయంలో వాళ్ళ మొదటి నమ్మకం నేల కింద ఉన్న మోడుల మీద. గొడ్డలికీ మేకకూ మంటకూ తల కోల్పోయినా వేరు బతికి ఉన్న చెట్లు అలాంటి కొండల్లో చాలా ఉంటాయి. వాటికి రెండు మూడేళ్ళు ఊపిరాడితే చాలు, నాటిన మొక్క అంత త్వరగా అందుకోలేని ఎత్తు లేస్తాయి. ఎందుకంటే వేరు అప్పటికే లోతుల్లోంచి పోషకం పైకి లాగే పనిలో ఉంటుంది. లేనిచోట గింజలు చల్లారు. వాగుల వెంట ఈత దట్టంగా నిలబడింది. ఇళ్ళ కప్పులకు బోదగడ్డి, చీపుళ్ళకు, చాపలకు ఈతాకు దొరికేసరికి కొండ మీద ఊళ్ళకు ఆపేక్ష పెరిగింది. తోడేళ్ళు కూడా తిరిగి కనిపిస్తున్నాయి.

గొర్రెల్ని అక్కడ నిషేధించలేదు. ఈ నిర్ణయం నాకు నచ్చుతుంది గానీ ఇందులో ఒక మెలిక ఉంది. రాయలసీమలో పొలంలో మంద కట్టించుకోవడం పాత అలవాటు. పగలంతా కొండ మేసిన గొర్రెలు రాత్రి రైతు పొలంలో పడుకుంటాయి. పెంట, మూత్రం పొలానికి. కాపరికి గింజలో డబ్బులో. రైతుకు ఇది బ్రహ్మాండమైన ఎరువు. కొండ వైపు నుంచి చూస్తే మాత్రం వందల ఏళ్ళుగా రాత్రి పూట నత్రజని, భాస్వరం కిందికి దిగిపోతున్నాయి. కొండ ఎందుకు బక్కచిక్కిందో, పొలం ఎందుకు బలిసిందో ఈ ఒక్క అలవాటులో కనిపిస్తుంది. ఇక 2010 తరవాత గాలిమరల కోసం ఆ కొండల మీదికి రోడ్లు కోశారు. ఇరవై ఏళ్ళు రాతికట్టలతో ఆపిన సన్నమట్టి ఆ కోతల వెంట జారింది. ఆ పని మీద నాకున్న కోపం ఈ వ్యాసంలో పట్టదు.

ఇప్పుడు మళ్ళీ ఆనందపురం. ఇక్కడ వాన దాదాపు రెండింతలు, నేల లోతు ఎక్కువ, కొండ నుంచి దిగినదంతా చేరిన పల్లం. మీదట పాతికేళ్ళ కూరగాయల ఎరువు. కల్పవల్లిలో చేసిన పని ఇక్కడ చేస్తే, అంటే కంచె వేసి, మంట ఆపి, ఆకును కుళ్ళనిస్తే, వయ్యారిభామకు పెళ్ళివిందు పెట్టినట్టే. ముందు చూడవలసింది భూసార పరీక్ష పత్రం. 2015 ఫిబ్రవరిలో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకంలో నత్రజని, భాస్వరం, పొటాషు, గంధకం, జింకు మొదలుకొని పన్నెండు అంశాలు కొలిచి ఇస్తారు. భాస్వరం ఎదుట ‘ఎక్కువ’ అని పడితే రైతుకు ఆ ఏడు ఖర్చు తగ్గినట్టు. అడవి కావాలనుకునేవాడికి అది హెచ్చరిక. కార్డు ఒకటే, చదివే తీరు తలకిందులు.

ఎక్కువ ఉంటే తీసేయాలి. అన్నిటికంటే సాదా మార్గం కోసి బయటికి పంపడం. కోసి అక్కడే పడేస్తే ఏమీ తగ్గదు. కొంచెం లెక్క వేసి చూద్దాం. యాభై కిలోల డీఏపీ బస్తాలో అసలు భాస్వరం సుమారు పది కిలోలు. ఎండుగడ్డిలో భాస్వరం వెయ్యికి రెండు పాళ్ళ చొప్పున అనుకుంటే, ఎకరం నుంచి ఏడాదికి టన్నున్నర ఎండుగడ్డి బయటికి పోతే మూడు కిలోలు పోయినట్టు. అంటే ఒక్క బస్తా మిగులు తీరడానికి మూడేళ్ళ పైచిలుకు. నత్రజని ఇంతకంటే త్వరగా తగ్గుతుంది. ఎప్పుడు కోయాలన్నది కూడా పనితనమే. వయ్యారిభామ మొలిచిన నెలకే పూతకు వస్తుంది కాబట్టి పూత రాకముందే పీకాలి, అదీ చేతికి తొడుగులతో. పశువులు దాన్ని ముట్టవు. మిగతా గడ్డి గింజ పట్టకముందు కోస్తే పాడికి పనికొస్తుంది.

నెదర్లాండ్స్‌లో ఇంత ఓపిక పట్టరు. ఎరువు తిన్న పైమట్టిని యంత్రంతో గీకి పట్టుకుపోతారు. ఆ పద్ధతి మనకు వద్దనే నా అభిప్రాయం. కార్తీకంలో తుపాను వస్తే గీకిన ఎర్రనేల గోస్తనీ పాలవుతుంది. పైగా ‘ఇక్కడ పైమట్టి తీయాలి’ అని ఒక మాట బయటికి పొక్కితే చాలు, తెల్లారేసరికి టిప్పర్లు వరస కడతాయి. ఎంత లోతున ఆపాలో వాళ్ళకు మనం చెప్పగలమా?

అక్కడిదే ఇంకో పని మాత్రం నేర్చుకోదగ్గది. వబ్స్, బెజెమెర్, వాన్ డెర్ పుటెన్ అనే శాస్త్రవేత్తలు పరిశీలించిన ఒక పాత పొలంలో 2006లో, పైమట్టి తీసేసిన జాగాల మీద, వేరే చోట్ల ఉన్న సహజమైన గడ్డినేల మట్టినీ, పొదనేల మట్టినీ పలచగా చల్లారు. ఆరేళ్ళకు ఏ మట్టి పడిన చోట ఆ మట్టికి తగిన మొక్కలు లేవడం మొదలైంది. గింజలతోపాటు ఆ మట్టిలోని శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు కూడా వచ్చాయి. భాస్వరం తక్కువైన నేలలో చెట్టు వేరుకు దాన్ని అందించేది ఈ శిలీంధ్రాలే. ఎరువు తినే పైరుకు వాటి అవసరం పెద్దగా పడదు, దున్నకానికి వాటి పోగులు తెగిపోతాయి. ఆనందపురంలో అయితే దాతమట్టి దేవుడి పేర వదిలిన తోపుల నుంచో, గుట్ట మీద జిరాయితీ పొదల కింద నుంచో తెచ్చుకోవాలి. అభయారణ్యం మట్టిని గంపెడు ఎత్తినా చట్టం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

నత్రజనిని కొన్నాళ్ళు దాచిపెట్టే ఉపాయం మరొకటి ఉంది. దీని మూలం మన రైతుకు బాగా తెలుసు. పచ్చి రంపపుపొట్టో, కుళ్ళని గడ్డో పొలంలో దున్నితే పైరు పసుపెక్కుతుంది. పొట్టులో కర్బనం వందల పాళ్ళు ఉంటే నత్రజని ఒక పాలు. దాన్ని తినే సూక్ష్మజీవులకు నత్రజని చాలక, మట్టిలో ఉన్నదంతా అవే మింగేస్తాయి. రైతుకు అది నష్టం. ఆస్ట్రేలియా న్యూ సౌత్ వేల్స్‌లో సుజాన్ ప్రోబర్ బృందం సరిగ్గా ఆ నష్టాన్నే కోరి, పాత మేతనేలల్లో పంచదార చల్లింది. నత్రజని అడుగంటి విదేశీ కలుపు బలహీనపడింది, స్థానిక గడ్డికి సందు దొరికింది. అనకాపల్లి బెల్లం వ్యాపారులు వింటే నవ్వుకుంటారు. చెరకు పిప్పి కూడా ఇదే పని చేస్తుంది, కానీ బెల్లం పొయ్యిలకే అది చాలదు. పొట్టు మిల్లుల్లో దొరుకుతుంది. ఏది వేసినా ఫలితం కొన్ని నెలలే, భాస్వరం మీద దాని ప్రభావం లేదు. నిజంగా పనికొచ్చేది ఒక్క వానాకాలం, ఆ ఒక్క కాలంలోనే మన మొక్క వేరు దించుకోవాలి.

ఆ సందులో ఏ మొక్క పెట్టాలన్నది తేలిక ప్రశ్న కాదు. త్వరగా పచ్చబడాలని సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ నాటుతారు. రెండూ వేరు బొడిపెల్లో గాలి నత్రజనిని పట్టి నేలకు పోస్తాయి. ఎవరికి లంఖణం పెట్టామో వాళ్ళకే దొడ్డిదారిన అన్నం పెట్టడం అది. తంగేడు దగ్గర నాకు ముచ్చట ఇక్కడే. కాయ చూస్తే చిక్కుడు కుటుంబమని తెలిసిపోతుంది, కానీ దాని వేళ్ళకు ఆ బొడిపెలు ఉండవు. పేదనేలలో పేదగానే బతుకుతూ, రెండేళ్ళలో నడుమెత్తు పొదై, కింద పాకే కలుపుకు నీడ పెడుతుంది. దాని నీడన బలుసు, అల్లి నింపాదిగా లేస్తాయి. ఆస్ట్రేలియా పడమటి తీరంలో బాంక్సియా లాంటి చెట్లకు భాస్వరం కాస్త ఎక్కువైతే విషమే అవుతుంది. మన అల్లి అంత సుకుమారి కాదు. బలమైన నేలలోనూ బతకగలదు, కలుపు దాని నెత్తిన ఎక్కకపోతే చాలు. అందుచేత ఇక్కడ లంఖణం చెట్లు కొమ్మలు కలిపే దాకానే.

మన్యం పోడులో ఈ తంటాలేవీ ఎందుకు లేవో ఆలోచిస్తే ఆనందపురం కష్టం ఇంకా బాగా తెలుస్తుంది. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్ల మీద రాసిన పుస్తకం నాటికి పోడు ఎలా ఉండేదంటే, చెట్టును మోకాలెత్తున కొడతారు, ఇప్ప, చింత, జీలుగు జోలికి పోరు, నాగలి లేదు, కర్రతో గుచ్చి గింజ వేస్తారు. బూడిద బలం రెండు మూడు పంటలకు తీరిపోతుంది. వదిలేసి పోతారు. వదిలేసేనాటికి నేల ఖాళీ కడుపుతో ఉంటుంది, కింద వేళ్ళు బతికి ఉంటాయి. ఎరువు మిగలకపోవడం, వేరు చావకపోవడం, ఈ రెంటి వల్లా అడవి ఇట్టే మూసుకునేది. బీడు వదిలే గడువు మూడు నాలుగేళ్ళకు కుదించుకుపోయాక ఆ పద్ధతీ చెడింది, అది వేరే కథ. ఆనందపురం గరువులో రెండూ తలకిందులు. ఎరువు మిగిలింది, ట్రాక్టరు దున్నకానికి వేరు మిగల్లేదు.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు సీడార్ క్రీక్‌లో వదిలేసిన పొలాల్ని దశాబ్దాలుగా కొలుస్తున్నారు. 2019లో వచ్చిన లెక్క ప్రకారం 91 ఏళ్ళు గడిచినా, ఎన్నడూ దున్నని నేలలో ఉన్న మొక్కల వైవిధ్యంలో మూడొంతులే తిరిగి వచ్చింది, ఎదుగుదల సగమే. ఊరికే వదిలేస్తే పట్టే కాలం అది. మనిషి చెయ్యి పడితే ఎంత తగ్గుతుందన్నది ఒక్కో నేలకు ఒక్కో లెక్క.

ఆనందపురంలో ఈ పనికి జాగా లేఅవుట్లలోనే ఉంది. నిబంధనల ప్రకారం విస్తీర్ణంలో పదో వంతు ఖాళీస్థలంగా వదలాలి. పదెకరాల లేఅవుట్‌లో ఎకరం. అక్కడ మామూలుగా లారీ గత్తం దింపి, లాన్ పరిచి, కోనోకార్పస్ నాటుతారు. ఆ గత్తం లారీని వెనక్కి పంపడంతో ఈ పని మొదలవుతుంది. మొదటి రెండేళ్ళు నాటే కూలి కంటే కోసే కూలికి, మోసే కూలికి ఎక్కువ ఖర్చవుతుంది. మూడో ఏడు తొలకరికి భూసార పరీక్ష మళ్ళీ చేయించి, తంగేడు గింజతో, గుట్ట పొదల కింది మట్టితో దిగవచ్చు. కోసిన గడ్డి ఎక్కడికి పోతుందన్న బెంగ అక్కరలేదు. పాడి ఉన్నవాళ్ళు ఆనందపురం చుట్టూ ఇంకా ఉన్నారు, కబురు చేస్తే ఆటో కట్టించుకుని వాళ్ళే వస్తారు.